నువ్వే ఆ కాలంలో ఉండి ఉంటే? చరిత్ర పాఠంలో సహానుభూతి చుట్టూ తెగని వాదం

చరిత్ర క్లాసుల్లో బాగా పాపులర్ అయిన హోంవర్క్ ఒకటి ఉంది. "నువ్వు 1914లో ఫ్రాన్స్‌లో కందకంలో ఉన్న బ్రిటిష్ సైనికుడివి అనుకో, ఇంటికి ఉత్తరం రాయి." పిల్లలు దీన్ని ఇష్టంగా రాస్తారు. చలి, బురద, ఎలుకలు, అమ్మ మీద బెంగ, పక్కనే చనిపోయిన స్నేహితుడు, చివర్లో "ఈ మొదటి ప్రపంచ యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో" అని ఒక నిట్టూర్పు. చదివిన టీచర్ మనసు కదులుతుంది, మంచి మార్కులు పడతాయి. కానీ కందకంలో ఉన్న ఆ సైనికుడు దాన్ని "మొదటి" యుద్ధంగా లెక్కపెట్టుకోడు, రెండోది వస్తుందని తెలిస్తే కదా. క్రిస్మస్ కల్లా ఇంటికి వెళ్లిపోతామని నమ్మినవాళ్లు చాలామందే ఉన్నారు. పైగా ఆ ఉత్తరాన్ని పంపేముందు సొంత దళంలోని అధికారే చదివి, అభ్యంతరం అనిపించినవి కొట్టేసేవాడు. తన పైఅధికారి చదువుతాడని తెలిసిన మనిషి రాసే ఉత్తరం ఎలా ఉంటుంది? అమ్మ కంగారు పడకూడదని ఏమేం దాస్తాడు? పిల్లవాడి కాగితంలో ఇవేవీ లేవు. అందులో ఉన్నది ఈ కాలపు పిల్లవాడి భయం. ఆ భయం నిజమైనదే, కాకపోతే అది 1914 నాటిది కాదు.

ఈ తేడా దగ్గరే చరిత్ర బోధన మీద పరిశోధన చేసేవాళ్లు దాదాపు యాభై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. గతంలోని మనిషిని అర్థం చేసుకోవడం అంటే అతని బాధ మనకూ తెలియడమా, లేక అతను అలా ఎందుకు ఆలోచించాడో ఆధారాలు పెట్టి తేల్చుకోవడమా? రెండూ అయితే ఏది ముందు, ఏది వెనక? దీన్ని చారిత్రక సహానుభూతి అంటున్నారు. పేరు ఒకటే అయినా ఆ పేరుతో పని చేసేవాళ్లు ఒకే మాట మీద లేరు, అందుకే ఈ పరిశోధనల్లోకి కొత్తగా దిగినవాళ్లకి అంతా గజిబిజిగా కనిపిస్తుంది.

మూలం వెతికితే ఎక్కువమంది ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త ఆర్.జి. కాలింగ్‌వుడ్ దగ్గరికి వెళ్తారు. గతంలోని మనిషి చేసిన ఆలోచనను చరిత్రకారుడు తన బుర్రలో మళ్లీ నడిపించి చూడాలని ఆయన అన్నాడు. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది: ఆయన మాట్లాడింది ఆలోచన గురించి. అప్పటి మనిషి అనుభూతిని యథాతథంగా మళ్లీ తెచ్చుకోవచ్చని ఆయన చెప్పలేదు. ఈ మాట తర్వాతి వాదాలన్నిటి అడుగునా ఉంది.

క్లాస్‌రూమ్‌లోకి ఇది గట్టిగా వచ్చింది 1972లో, ఇంగ్లండ్‌లో 13 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం స్కూల్స్ కౌన్సిల్ మొదలుపెట్టిన హిస్టరీ ప్రాజెక్టుతో. రాజులు, తేదీలు బట్టీ పట్టించడం కాకుండా పిల్లల చేతికి ఆధారాలిచ్చి వాళ్లతోనే ప్రశ్నలు వేయించాలన్నది దాని ఉద్దేశం. ఆ ప్రాజెక్టు ఎలా పనిచేసిందో డెనిస్ షెమిల్ట్ 1980లో మూల్యాంకనం ప్రచురించాడు. ఆ దశాబ్దంలోనే పీటర్ లీ, రోజలిన్ ఆష్‌బీ పిల్లలను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటుంటే వీడియో తీసి, ఆ మాటలను విడమర్చి చూశారు. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అన్నిటికంటే విలువైన పని ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

వాళ్లు తీసుకున్న ఒక ఉదాహరణ దాదాపు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండ్‌లో, అంటే ఆంగ్లో సాక్సన్ల కాలంలో, ఉన్న దైవపరీక్ష. నిందితుడు కాలిన ఇనుప ముక్కను చేత్తో పట్టుకుని తొమ్మిది అడుగులు నడవాలి. చేతికి కట్టుకట్టి, మూడు రోజుల తర్వాత విప్పి చూస్తారు. పుండు శుభ్రంగా మానుతుంటే నిర్దోషి, చీము పట్టి ఉంటే దోషి. ఇలా ఎందుకు చేసేవాళ్లు అని పిల్లలను అడిగితే వచ్చిన జవాబులు మెట్లు మెట్లుగా కనిపించాయి. అట్టడుగున ఉన్న జవాబు: వాళ్లకి బుద్ధి లేదు, అంతే. దానిపైన ఒక ముద్ర వేసే రకం: అప్పట్లో అందరికీ దైవభక్తి ఎక్కువ కాబట్టి చేశారు. ఇది జవాబులా వినిపిస్తుంది గానీ ఏదీ వివరించదు. ఆ తర్వాత, నేనైతే ఏం చేసేదాన్ని అని తనను తాను అక్కడ పెట్టుకునే పిల్ల. ఇది మంచి మలుపే, కానీ ఆ పిల్ల ఇప్పటి తెలివినంతా వెంటపెట్టుకుని వెళ్తోంది, పోలీసులు, వేలిముద్రలు, లాయర్లు అందరూ మనసులో ఉన్నారు. నాలుగో మెట్టు మీద, ఆ పరిస్థితిలో ఆ మనుషులు సాధించాలనుకున్నది ఏమిటో అర్థమవుతుంది. పై మెట్టు మీదున్న పిల్లలు ఆ పనిని ఆ కాలపు పెద్ద నమ్మకాల మధ్య పెట్టి చూస్తారు: దర్యాప్తు చేసే వ్యవస్థ లేదు, ప్రమాణాలతో సాక్షులతో తేలని కేసులు మిగిలిపోతాయి, నిజం తెలిసినవాడు దేవుడొక్కడే, దేవుడు అబద్ధాన్ని వదిలిపెట్టడు అని ఊరంతా నమ్ముతుంది, అలాంటప్పుడు తీర్పును దేవుడికి వదిలేయడం తెలివితక్కువ పనేమీ కాదు.

ఈ మెట్లలో మూడోదాన్ని మళ్లీ చూడండి. "నేనైతే" అనే మెట్టు. కందకంలోంచి ఉత్తరం రాసిన పిల్లవాడు సరిగ్గా అక్కడే ఉన్నాడు, మన హోంవర్క్ అతన్ని అక్కడికే రమ్మంది, వచ్చాక మెచ్చుకుని పంపేసింది. పైమెట్టు ఎక్కడానికి కావాల్సిన సామాను అతని చేతికి ఇవ్వలేదు.

ఇంకో విషయం కూడా ఈ పరిశోధనల్లో తేలింది. వయసుతో పాటు అవగాహన దానంతటదే పెరుగుతుందనుకోవడానికి లేదు. 1990లలో ఇంగ్లండ్‌లోనే చాటా అనే ప్రాజెక్టులో 7 నుంచి 14 ఏళ్ల పిల్లలను పరిశీలిస్తే, 7, 8 ఏళ్ల పిల్లల్లో కొందరు 14 ఏళ్లవాళ్లలో కొందరికంటే మెరుగైన ఆలోచన చూపించారు. చిన్నపిల్లలకి ఇది అందదులే అని పక్కన పెట్టేవాళ్లకి ఇది గట్టి సమాధానం.

మరి ఇంత మంచి ఆలోచనకి చెడ్డపేరు ఎందుకొచ్చింది? ఎగ్జామ్ వల్ల. ఇంగ్లండ్‌లో 16 ఏళ్ల వయసులో రాసే జీసీఎస్‌ఈ పరీక్షలు 1988లో మొదటిసారి జరిగాయి, వాటిలో సహానుభూతికి కూడా మార్కులు పెట్టారు. మార్కులు అనగానే ఫార్ములా వస్తుంది, వచ్చింది కూడా. "కొందరు ఇలా అనుకున్నారు, మరికొందరు అలా అనుకున్నారు" అని ఒక మూస తయారైంది. ఇంకోవైపు, ఊహించి రాసేదానికి మార్కులేంటి, ఇది చరిత్రా కథారచనా అని పత్రికల్లో, రాజకీయాల్లో గొడవ మొదలైంది. చివరికి 1991 నుంచి అమలైన జాతీయ పాఠ్యప్రణాళికలో ఆ పదమే కనిపించకుండా పోయింది. ఆలోచన మాత్రం వేరే పేర్లతో బతికింది. ఇక్కడ నాకు బాధ కలిగించేది ఏంటంటే, పిల్లల ఆలోచనను విని అర్థం చేసుకోవడానికి తయారైన మెట్లను పిల్లలకి మార్కులు వేసే కొలబద్దగా మార్చేశారు, అది ఫెయిలయ్యాక తప్పు సహానుభూతిదే అన్నారు.

ఆ తర్వాత చర్చ ఎక్కువగా అమెరికాకి మారింది. ఆ పాత గొడవ ప్రభావమో ఏమో, అక్కడ మొదట్లో జాగ్రత్త బాగా ఎక్కువ. స్టువర్ట్ ఫాస్టర్ లాంటివాళ్లు ఇది ఊహాశక్తి వ్యాయామం కాదు, పాత్రతో ఏకమైపోవడం కాదు, జాలిపడడం అంతకన్నా కాదు, ఆధారాలతో చేసే మేధోపరమైన పని అని తెగేసి చెప్పారు. ఫాస్టర్ తీసుకున్న ఉదాహరణ అప్పటి బ్రిటిష్ ప్రధాని నెవిల్ చాంబర్లిన్. 1938లో మ్యూనిక్‌లో హిట్లర్‌కి తలొగ్గినవాడు అనగానే పిల్లలు పిరికివాడు అని తేల్చేస్తారు. అప్పుడు పిల్లల ముందు పెట్టాల్సినవి చూడండి: ఏడు లక్షలకు పైగా బ్రిటిష్ సైనికులను మింగిన యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లే అయింది, యుద్ధానికి ఇంకా సిద్ధంగా లేమని సైనికాధికారులే చెబుతున్నారు, బాంబర్ విమానాలను ఆపడం అసాధ్యం అనే భయం జనంలో నాటుకుపోయింది. ఇవన్నీ చదివాక కూడా పిల్లలు చాంబర్లిన్ చేసింది తప్పే అనొచ్చు. అనాలి కూడా, అలా అనిపిస్తే. అర్థం చేసుకోవడం వేరు, సమర్థించడం వేరు. కాకపోతే ఇప్పుడు వాళ్లు చెప్పే "తప్పు" వెనక ఆలోచన ఉంటుంది.

శామ్ వైన్‌బర్గ్ ఇంకో అడుగు ముందుకేసి, చరిత్ర ఆలోచన మనుషులకి సహజంగా వచ్చేది కాదన్నాడు. బానిసత్వం, జాతి గురించి అబ్రహాం లింకన్ మాటలున్న పత్రాలను ఇద్దరు చరిత్రకారుల చేత బిగ్గరగా ఆలోచిస్తూ చదివించాడు. ఒకాయన లింకన్ నిపుణుడు, ఇంకొకాయనకి ఆ కాలం అంతగా తెలియదు. తెలియనాయన మొదట్లో తికమకపడ్డాడు, కానీ తొందరపడి తీర్పు ఇవ్వకుండా, నాకు ఇక్కడ అర్థం కావట్లేదు అని ఆగి, ప్రశ్నలు వేసుకుంటూ, వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతూ మెల్లగా నిపుణుడు ఉన్నచోటికి దగ్గరయ్యాడు. తన అజ్ఞానాన్ని గుర్తుపట్టి దానితో పని చేయడం, నాకు తెలిసి క్లాసులో నేర్పదగ్గ నైపుణ్యం ఇదే.

అయితే 2000 తర్వాత గాలి మారింది. భావోద్వేగాన్ని పూర్తిగా బయట పెట్టేస్తే పిల్లలు అసలు గతం గురించి ఎందుకు పట్టించుకుంటారు? కీత్ బార్టన్, లిండా లెవ్‌స్టిక్ 2004లో ఈ ప్రశ్నను నేరుగా అడిగారు. సహానుభూతికి రెండు ముఖాలున్నాయన్నారు, ఒకటి ఎదుటివాళ్ల దృక్కోణాన్ని గుర్తించడం, రెండోది పట్టింపు. ఆ పట్టింపు ఆసక్తితో మొదలై, జరిగిన అన్యాయానికి కదిలిపోవడం, బాధితులకి ఏదైనా చేయాలనిపించడం, చివరికి ఈరోజు మన ప్రవర్తన మార్చుకోవడం దాకా వెళ్తుంది. 2013లో జేసన్ ఎండాకాట్, సారా బ్రూక్స్ ఈ రెండు శిబిరాలనూ ఒక చోటికి తెచ్చే నమూనా ఇచ్చారు: ఆ కాలపు సందర్భం తెలుసుకోవడం, ఆ మనిషి దృక్కోణం గ్రహించడం, ఆ మనిషి అనుభవంతో భావపరమైన బంధం ఏర్పడడం, మూడూ కలిస్తేనే చారిత్రక సహానుభూతి అన్నారు. ఇప్పుడు వస్తున్న అధ్యయనాల్లో చాలావరకు ఈ మూడింటి చట్రంలోనే నడుస్తున్నాయి.

నేను ఈ నమూనాతో ఏకీభవిస్తాను, కానీ ఒక షరతుతో. మూడూ ముఖ్యమే అనగానే మూడూ ఒకే తూకం అనుకుంటున్నారు. బాధ అనిపించడం సులువు, అది ఐదు నిమిషాల వీడియోతో కూడా వస్తుంది. సందర్భం తెలియడానికి టైమ్ పడుతుంది, చదవాలి, విసుగొస్తుంది. క్లాసులో టైమ్ తక్కువైనప్పుడు ఏది కోతపడుతుందో చెప్పక్కర్లేదు.

ఇక్కడ చరిత్ర బోధనకి బయట, మనస్తత్వశాస్త్రంలో జరిగిన రెండు పరిశోధనలు చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ ఒక ప్రయోగం చేశాడు. దానికి వాడుకున్నది 1814లో బ్రిటిష్‌వాళ్లకీ గూర్ఖాలకీ మధ్య జరిగిన యుద్ధం. చదివేవాళ్లలో చాలామందికి దాని ఫలితం తెలియదు, అందుకే ఆ ఎంపిక. ఒక్కో గుంపుకి ఒక్కో ఫలితం నిజమని చెప్పారు, ఒకరికి బ్రిటిష్ గెలుపు, ఒకరికి గూర్ఖాల గెలుపు, ఇలా. ఏ ఫలితం చెబితే ఆ గుంపుకి అదే ముందునుంచీ జరిగేలా ఉంది అనిపించింది. ఫలితం తెలియనట్టే అనుకుని చెప్పండి అని అడిగిన ప్రయోగంలో కూడా దాని ప్రభావం పోలేదు. అంటే తెలిసినదాన్ని తెలియనట్టు అనుకోమని చెప్పినంత మాత్రాన మనసు వినదు. "నువ్వు 1914లో ఉన్నట్టు అనుకో" అనే మాటకి ఉన్న బలం అంతే.

రెండోది 2018 నాటిది. తాల్ ఇయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 25 ప్రయోగాలు చేశారు. ఎదుటివాళ్ల స్థానంలో నిన్ను ఊహించుకో అని చెబితే, వాళ్ల మనసులో ఏముందో మనం ఇంకా బాగా కనిపెడతామా? లేదు, అలా చెప్పడం వల్ల కచ్చితత్వం పెరగలేదు. పెరిగింది ఎప్పుడంటే, ఎదుటివాళ్లనే అడిగి తెలుసుకున్నప్పుడు. చచ్చిపోయినవాళ్లను అడగలేం కదా అంటారేమో. వాళ్ల ఉత్తరాలు, కోర్టు రికార్డులు, డైరీలు, పిటిషన్లు, జమాఖర్చుల పుస్తకాలు ఉన్నాయి. గతాన్ని అడగడం అంటే వాటిని చదవడమే. ఈ పరిశోధన చరిత్ర క్లాసుల కోసం చేసింది కాదు, కానీ ఊహించుకో అనే హోంవర్క్ మీద నాకున్న అనుమానానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకలేదు. ఉత్తరం రాయించొద్దు అనడం లేదు. ముందు నాలుగు నిజమైన ఉత్తరాలు చదివించి, ఆ తర్వాత రాయించి, ఒక్కో వాక్యానికి నీ ఆధారమేంటి అని అడగమంటున్నాను.

కొలవడం సంగతికొస్తే, 1988 దెబ్బ తర్వాత కూడా పరిశోధకులు ఆ పని వదల్లేదు. జర్మనీలో ఉల్రికే హార్ట్‌మన్, మార్కుస్ హాసెల్‌హార్న్ 2008లో ఒక పరీక్ష తయారుచేశారు, దాన్ని నెదర్లాండ్స్‌లో టిమ్ హైఖెన్ బృందం ఇంకా చిన్న వయసు పిల్లలకూ వాడి చూసింది. అందులో హన్నెస్ అనే యువకుడు ఉంటాడు, వైమార్ కాలపు జర్మనీ, అంటే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, హిట్లర్ అధికారంలోకి రాకముందు, ఆర్థిక కష్టాలు, ఎన్నికలు. హన్నెస్ నాజీ పార్టీకి ఓటు వేసే అవకాశం ఉందా? పిల్లల జవాబులను మూడు రకాలుగా చూస్తారు: ఇప్పటి కళ్లతో చూడడం, హన్నెస్ సొంత పరిస్థితిని లెక్కలోకి తీసుకోవడం, ఆ కాలపు విస్తృత నేపథ్యంలో పెట్టి ఆలోచించడం. నాజీలు ఏం చేశారో మనకి తెలుసు కాబట్టి హన్నెస్ వేయడు అనేది మొదటి రకం.

ఈ పరీక్షలో నాకు నచ్చింది దాని ధైర్యం. సహానుభూతి పేరుతో మనం ఎప్పుడూ బాధితుల దగ్గరికే వెళ్తాం, వాళ్లతో నిలబడడం మనకి తేలిక, మన గురించి మనకి మంచి అభిప్రాయం కలుగుతుంది. అసలు పరీక్ష మనకి నచ్చని మనిషి దగ్గర. మామూలు మనుషులు ఎలా అటువైపు వెళ్లారో అర్థం కాకపోతే, అలాంటిది మళ్లీ కళ్లముందు జరుగుతుంటే గుర్తుపట్టేది ఎలా? చాలామంది టీచర్లకి ఇక్కడే టెన్షన్. హంతకులను మనుషులుగా చూపిస్తే వాళ్లని క్షమించినట్టు అవుతుందేమో అని. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అందుకే తీర్పును ఆపేయకుండా, అర్థం చేసుకున్న తర్వాతకి వాయిదా వేయమని చెప్పడమే దీనికి దారి అని నా నమ్మకం.

బాధితుల విషయంలో ప్రమాదం ఇంకో రకంగా ఉంటుంది. మెగన్ బోలర్ 1997లోనే హెచ్చరించింది: చదివి, కన్నీళ్లు పెట్టుకుని, మనసు తేలికై ఇంటికి వెళ్లిపోయే సహానుభూతి ఏదీ మార్చదు, పైగా నాకు వాళ్ల బాధ అర్థమైంది అనే తృప్తినిస్తుంది. క్లాసులో బానిసల వేలం నాటకంలా ఆడించడం, కొందరిని ఖైదీలుగా కొందరిని కాపలావాళ్లుగా నిలబెట్టడం లాంటివి ఇంకా ఘోరం. నాజీలు యూదులను సామూహికంగా చంపిన హోలోకాస్ట్ గుర్తుగా అమెరికాలో ఉన్న హోలోకాస్ట్ మెమోరియల్ మ్యూజియం తన బోధన మార్గదర్శకాల్లో ఇలాంటి అనుకరణ ఆటలు వద్దనే చెబుతుంది. పది నిమిషాలు నేలమీద ఇరుగ్గా కూర్చున్న పిల్లకి బానిస ఓడలో ఏం జరిగిందో తెలిసిపోదు, తెలిసిందనుకోవడం తెలియకపోవడం కంటే చెడ్డది. ఆ పూర్వీకుల వారసులు అదే క్లాసులో కూర్చుని ఉంటే వాళ్ల పరిస్థితి చెప్పనే అక్కర్లేదు.

ఇక రెండు వర్గాలు కొట్టుకున్న, ఇంకా కొట్టుకుంటున్న చోట్ల పరిస్థితి? సమీ అద్వాన్ అనే పాలస్తీనా విద్యావేత్త, డాన్ బార్ ఆన్ అనే ఇజ్రాయెల్ మనస్తత్వవేత్త రెండువైపుల టీచర్లను కూర్చోబెట్టి ఒక పాఠ్యపుస్తకం రాయించారు. ఒక పక్క ఇజ్రాయెల్‌వాళ్ల కథనం, ఇంకో పక్క పాలస్తీనావాళ్ల కథనం, మధ్యలో విద్యార్థి రాసుకోవడానికి ఖాళీ. రెండింటినీ కలిపి ఒకటి చేయడానికి ప్రయత్నించలేదు, అదే దాని నిజాయితీ. ప్రొటెస్టెంట్, కాథలిక్ వర్గాలుగా చీలిన ఉత్తర ఐర్లండ్‌లో బార్టన్, అలన్ మెకల్లీ చూసింది మాత్రం ఉత్సాహాన్ని కాస్త తగ్గిస్తుంది. స్కూల్లో రెండువైపుల చరిత్రా సమతూకంగా చెప్పినా, పెద్దయ్యేకొద్దీ చాలామంది పిల్లలు అందులోంచి తమ వర్గం కథకి పనికొచ్చే ముక్కలనే ఏరుకున్నారు. రెండు కథలూ వినిపించడంతో పని అయిపోదు, నా కథ నాకు ఎక్కడ నుంచి వచ్చింది అని కూడా పిల్లలు అడగగలగాలి.

ఇప్పుడు అందరి చూపూ టెక్నాలజీ మీద ఉంది. యూఎస్‌సీ షోవా ఫౌండేషన్ హోలోకాస్ట్ నుంచి బయటపడ్డవాళ్లతో రోజుల తరబడి ఇంటర్వ్యూలు రికార్డు చేసింది. విద్యార్థి ప్రశ్న అడిగితే, ఆ మనిషి నిజంగా చెప్పిన జవాబుల్లో సరిపోయేదాన్ని సాఫ్ట్‌వేర్ వెతికి చూపిస్తుంది. ఆ మాటలు ఆ మనిషివే, కాబట్టి అది ఆధారం, ప్రశ్నించొచ్చు, వేరే ఆధారంతో పోల్చొచ్చు. దీనికీ, చారిత్రక వ్యక్తుల పేర్లతో మాట్లాడే ఏఐ చాట్‌బాట్‌లకీ పోలికే లేదు. 2023 మొదట్లో అలాంటి ఒక యాప్‌లో నాజీ నాయకుల బాట్‌లు జరిగినదానికి బాధపడుతున్నట్టు జవాబులు ఇచ్చాయి, పెద్ద దుమారం రేగింది. హన్నెస్ పరీక్షలో మొదటి రకం జవాబు ఇదే, ఈసారి ఇచ్చింది మెషీన్.

వీటిని క్లాసులోకి రానివ్వొద్దు అనేవాళ్లు ఉన్నారు. చిన్నపిల్లల విషయంలో నేనూ అదే అంటాను. కాస్త పెద్దవాళ్లకైతే దీన్నే పాఠంగా మార్చొచ్చు. నాజీల ఎస్ఎస్ దళానికి అధిపతి అయిన హిమ్లర్ పేరుతో బాట్ పలికే పశ్చాత్తాపాన్ని ఒక కాగితం మీద పెట్టండి. పక్కన, 1943 అక్టోబరులో పోజెన్‌లో ఎస్ఎస్ అధికారుల ముందు యూదుల నిర్మూలన గురించి హిమ్లర్ బాహాటంగా మాట్లాడి, ఇంత చేసినా మనం మర్యాదస్తులుగానే మిగిలాం అని గర్వంగా చెప్పుకున్న ప్రసంగాన్ని పెట్టండి, దాని రికార్డింగ్ కూడా ఉంది. ఈ రెండింటిలో ఏది 1943 మనిషి మాట, ఏది మనం వినాలనుకుంటున్న మాట, ఆ ప్రసంగం విన్న అధికారులకి అందులో తప్పేమీ ఎందుకు వినిపించలేదు అని అడగండి. చివరి ప్రశ్న ఒక్క పీరియడ్‌లో తేలదు, దానికి ఇంకో వారం కేటాయించినా ఎక్కువ కాదు.